చదరపు అడుగు తొమ్మిది రూపాయలు

గేదెల తారిణి గొంతు ఎలా ఉంటుందో
చాలా రోజులు నాకు తెలీదు.
బుగ్గ మీద మచ్చ ఎక్కడుంటుందో తెలుసు,
మౌసుతో నేనే చెరిపాను కనుక.

పర్లాకిమిడి బజారులో మూడో షట్టరు నాది.
ఒకే ఫ్లెక్సీ మీద మూడు లిపులు కూర్చుతాను:
తెలుగు తలకట్టుతో, ఒడియా గొడుగేసుకుని,
ఇంగ్లీషు ఒళ్ళు బిగించి.

టీవీవాళ్ళు హైదరాబాదు నుంచి కారేసుకొచ్చిన రోజు
వాళ్ళ నాన్న లింగరాజు మిక్సీలు బాగుచేస్తున్నాడు.
"కొట్టు బాగానే ఉంది సార్, కథే లేదు"
అన్నాడు టోపీ కుర్రాడు.
కథ వీధి చివర దొరికింది,
బెహరా కామేసు ఇడ్లీ బండి.
గంటకి అయిదొందలు అద్దె.
లింగరాజు దాన్ని ఏడుసార్లు తోశాడు.
ఏడోసారికి కళ్ళలో నీళ్ళొచ్చాయి,
పొయ్యి పొగకి.
అదే ఉంచారు.

శనివారం రాత్రి అది చూసి
మా అమ్మ కొంగు తడుపుకుంది,
తన మిక్సీ జారు వారం నుంచి
ఆయన కొట్లోనే ఉందని తెలిసి కూడా.

అక్కణ్ణుంచి నా మెషీనుకి నిద్ర లేదు.
ఇరవై బై పది, ఎనిమిది బై నాలుగు,
ఆటోల వెనక అతికించే చిన్నవి.
"మన గజపతి కోకిల" అని ఒకాయన వేయించాడు.
కౌన్సిలరుగా నిలబడే ఆలోచన ఉంది.
ఆయన మొహం తారిణి మొహం కన్నా
రెండంగుళాలు పెద్దది.
బంగారం కొట్టు సాహు "మా గుర్తు కాస్త పైకి" అన్నాడు.
పైకి జరిపితే మైకు మూసుకుపోయింది.
పరవాలేదన్నాడు.

తీరా చూస్తే మా సిమ్ముల నుంచి ఓటు పోదు.
ఒడిశా సర్కిలంట.
మహేంద్రతనయ అవతల పాతపట్నంలో
మేనమామల్నీ తోడల్లుళ్ళనీ వేలిముద్రలకి నిలబెట్టి
నూటనలభై సిమ్ములు పట్టుకొచ్చాం.
ఆదివారాలు మిక్సీ కొట్లో పదకొండుమందిమి,
సిమ్ము తీసి, సిమ్ము పెట్టి,
బొటనవేలు మొద్దుబారేదాకా.
టీవీ సౌండు తీసేసి.
పాట వినబడితే లెక్క తప్పుతోందని.

"ఒడిశా పిల్లయినా ఎంత చక్కటి తెలుగు!"
అని అక్కడ చప్పట్లు కొట్టారు.
భువనేశ్వరు పేపరు తెలుగు గాయని అని రాసింది.
"నాన్నా, మనం ఎటేపోళ్ళం?" అని ఫోను చేసిందంట.
లింగరాజు చేతిలో జారు తిరుగుతోంది,
వినబడలేదన్నాడు.

నాలుగో స్థానం.
గెలిచిన కాకినాడ కుర్రాడి వెనక బిస్కెట్ల కంపెనీ ఉంది,
ప్యాకెట్టుకో ఓటు.
మాకు పాతపట్నం ఒక్కటే.

ఫ్లెక్సీకి చావు లేదు.
ఒకటి జీడిపిక్కల మీద కప్పారు.
ఒకటి కామేసు బండికి వానపట్టా అయింది,
తెరిచిన నోరు
సరిగ్గా ఆవిరి లేచే చోట.

మూడేళ్ళకి, మొన్న ఆషాఢంలో,
గొడుగు మడుస్తూ ఎవరో వచ్చారు.
"సంగీతం చెప్పబడును. మూడు బై రెండు.
రెండు లిపులు చాలు. ఫొటో వద్దు."
బుగ్గ మీద మచ్చ ఉంది.
ఉంటుందని నేను మర్చిపోయాను.

ప్రింటు సగంలో కరెంటు పోయింది.
మెషీను ఆగితే నా కొట్టు ఇంత పెద్దదా అనిపించింది.
ఆమె గోడకి ఆనుకుని, ఊరికే,
ఏదో అందుకుంది. ఏ పాటో అడగలేదు.
పైకి వెళ్ళేచోట కాస్త గరుకు.
టీవీలో దాన్ని ఉంచారో
నాలాంటివాడెవడో చెరిపేశాడో.
బయట ఎవరూ ఆగలేదు,
టమాటాల బండివాడు అరుస్తూనే పోయాడు.
నేను లేచి షట్టరు సగం దించాను,
జల్లు కొడుతోందని చెప్పి.

కరెంటొచ్చింది. ఆపేసింది.
"ఆరడుగులు. ఇంకా తొమ్మిదేనా?"
"పన్నెండయిందమ్మా."
"పాత ఖాతాకి కూడానా?"

యాభై నాలుగు లెక్కపెట్టి ఇచ్చింది.
నాలుగు బిళ్ళలూ తడిగా ఉన్నాయి.